పీర్జాదిగూడ మిద్దె మీద నక్షత్ర విద్య

పీర్జాదిగూడలో ఒక ఇల్లు ఉందనుకుందాం. తండ్రి నాచారం పారిశ్రామికవాడలో ఉద్యోగి. కూతురు గణితం, భౌతికశాస్త్రంతో డిగ్రీ పూర్తి చేసింది. ఒకరోజు రాత్రి భోజనాల వేళ, "అబ్బాజాన్, నేను ఖగోళశాస్త్రంలో ఎం.ఎస్సీ. చదువుతాను. ఇంట్లోనే ఉండి ఆన్‌లైన్‌లో చదవచ్చట" అన్నది. తల్లి చేతిలోని గరిటె ఆగిపోయింది. చుక్కల చదువుతో ఉద్యోగం వస్తుందా? ఫీజు ఎంత? అన్నిటికన్నా ముందు, ఆ పట్టా చెల్లుతుందా?

ఇలాంటి ప్రశ్నలు ఈనాడు చాలా ఇళ్లలో తలెత్తుతున్నాయి. బిడ్డ ఆశను కొట్టిపారేయడం తగదు. అలాగని వివరాలు తెలుసుకోకుండా డబ్బు కట్టేయడమూ తగదు. ఈ రెంటికీ నడుమ ఉన్న దారిని పాఠకుల ముందుంచాలన్నదే మా ప్రయత్నం.

దూరాన ఉండి కలిసి చేసిన పని

ఖగోళశాస్త్రం మన నగరానికి కొత్త కాదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ అనే జమీందారు ఇంగ్లండ్ నుండి 15 అంగుళాల దుర్భిణి తెప్పించి హైదరాబాద్‌లో వేధశాల నెలకొల్పారు. ఆయన మరణించాక, ఆయన కోరిక ప్రకారమే 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని స్వీకరించింది. అదే నిజామియా అబ్జర్వేటరీ. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది.

అక్కడ జరిగిన పెద్ద పని గురించి మన పిల్లలకు తప్పక చెప్పాలి. ఆకాశమంతటినీ ఫోటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారు చేయాలని 1887లో పారిస్‌లో సమావేశమైన శాస్త్రజ్ఞులు తీర్మానించారు. ఆకాశాన్ని ముక్కలుగా విభజించి దేశదేశాల్లోని సుమారు 20 వేధశాలలకు పంచారు. చిలీ దేశంలోని శాంటియాగోకు కేటాయించిన భాగాన్ని తరువాత మన హైదరాబాద్ చేపట్టింది. ఇక్కడి ఉద్యోగులు గాజు పలకల మీద ఫోటోలు తీసి, లక్షల చుక్కల స్థానాలను కొలిచి, సంపుటాలుగా ప్రచురించారు.

ఆ శ్రమ బీరువాలకే పరిమితం కాలేదు. 2000లో వెలువడిన టైకో-2 నక్షత్ర పట్టికలో సుమారు 25 లక్షల నక్షత్రాలున్నాయి. హిప్పార్కస్ ఉపగ్రహం చూసిన స్థానాలను పాత పలకల నాటి స్థానాలతో పోల్చి, అవి ఎంత కదిలాయో అందులో లెక్కగట్టారు. ఆ పాత కొలతల్లో హైదరాబాద్ వాటా కూడా ఉంది. పారిస్‌లో కూర్చున్నవారి ముఖం చూడకుండానే, నమ్మకంగా కొలిచి రాయడం వల్ల మనవాళ్లు ప్రపంచ విజ్ఞానంలో పాలు పంచుకున్నారు. కాబట్టి దూరాన ఉండి ఈ శాస్త్రానికి సేవ చేయడం వింత కాదు. కొలత మాత్రం నికార్సుగా ఉండాలి.

1944 నుండి నిజామియాకు డైరెక్టర్‌గా ఉన్న అక్బర్ అలీ, నక్షత్రాల వెలుగును విద్యుత్ పరికరంతో కొలిచే పద్ధతికి ఇక్కడ శ్రీకారం చుట్టారు. 48 అంగుళాల పెద్ద దుర్భిణి కావాలని పూనుకున్నదీ ఆయనే. అది జపాల్-రంగాపూర్‌లో 1968లో పని మొదలుపెట్టింది. ఈలోగా 1964లో యూజీసీ ఉస్మానియా ఖగోళ విభాగాన్ని ఉన్నత అధ్యయన కేంద్రంగా గుర్తించింది.

ముందు పట్టా సంగతి

ఇక ఆన్‌లైన్ చదువు విషయానికి వద్దాం. ఇందులో రెండు రకాలున్నాయని గమనించాలి. మొదటిది, ఒక్కో పాఠ్యాంశాన్ని విడిగా నేర్చుకోవడం. 2017లో ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ 'స్వయం' వేదికలో పాఠాలు ఉచితంగా వినవచ్చు, పరీక్ష రాసి ధ్రువపత్రం పొందడానికి మాత్రం రుసుము చెల్లించాలి. రెగ్యులర్ కళాశాలలో చదివేవారు కూడా, తమ విశ్వవిద్యాలయం ఒప్పుకుంటే, ఒక సెమిస్టర్ పాఠ్యాంశాల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా పూర్తి చేయవచ్చని 2021 యూజీసీ నిబంధనలు చెబుతున్నాయి.

రెండవది, పూర్తి డిగ్రీ. యూజీసీ గుర్తింపు పొందిన సంస్థ ఇచ్చే దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీలతో సమానమని 2022 సెప్టెంబర్‌లో యూజీసీ స్పష్టం చేసింది. 'గుర్తింపు పొందిన' అన్న మాటలోనే అసలు విషయమంతా ఉంది. సంస్థకు గుర్తింపు ఉంటే చాలదు, ఆ కోర్సుకూ, ఆ విద్యా సంవత్సరానికీ అనుమతి ఉండాలి. విదేశీ విశ్వవిద్యాలయమైతే, ఆ ఆన్‌లైన్ పట్టాకు మన దేశంలో సమానత్వం లభిస్తుందో లేదో ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. మధ్యవర్తి నోటిమాట నమ్మి సొమ్ము కట్టి, తరువాత పీహెచ్‌డీ ప్రవేశం దగ్గర తలుపు మూసుకుపోతే ఆ రెండేళ్లు ఎవరు తిరిగి ఇస్తారు?

విదేశీ తరగతుల వేళలు కూడా చూసుకోవాలి. చలికాలంలో బ్రిటన్‌లో సాయంత్రం 7 గంటల పాఠమంటే మనకు రాత్రి 12.30 అవుతుంది.

లెక్కలు రానిదే చుక్కలు రావు

ఖగోళశాస్త్రమంటే అందమైన బొమ్మలు చూడటమని చాలామంది భ్రమపడతారు. పీజీ స్థాయిలో యాంత్రికశాస్త్రం, విద్యుదయస్కాంతత్వం, క్వాంటం సిద్ధాంతం, ఉష్ణగతిశాస్త్రం పునాదులు. వాటి మీదే నక్షత్రాల నిర్మాణం, గెలాక్సీలు, విశ్వసృష్టి శాస్త్రం నిలుస్తాయి. వర్ణపటాన్ని చదవడం, కంప్యూటర్‌లో పైథాన్ వంటి భాషతో దత్తాంశాలను విశ్లేషించడం కూడా రావాలి. ఇవి వస్తే, ఖగోళ పరిశోధనే కాక, కంప్యూటర్ దత్తాంశ రంగంలోనూ అన్నం పెడతాయి.

దత్తాంశాలకు కొదవ లేదు. గయా ఉపగ్రహం సేకరించిన సుమారు 180 కోట్ల ఖగోళ వస్తువుల వివరాలు 2022 జూన్‌లో అందరికీ ఉచితంగా విడుదలయ్యాయి. మన ఆస్ట్రోశాట్ 2015లో నింగికెగిసింది, అది పంపిన పరిశీలనలు కూడా పరిశోధకులకు అందుబాటులో ఉన్నాయి. పాత కంప్యూటర్, ఇంటర్నెట్, ఓపిక ఉంటే పీర్జాదిగూడలో కూర్చుని వాటిని తెరవవచ్చు.

మిద్దె మీద ప్రయోగశాల

తెర మీది పాఠం తీర్చలేని లోటు ఒకటుంది, అది సొంత కంటితో చూడటం. ఉప్పల్ దీపాల వెలుగులో పాలపుంత కనబడదు. కాని అల్‌గోల్ కనబడుతుంది. దాని పేరు అరబ్బీలోని 'రాస్ అల్ గూల్' నుండి వచ్చింది, భూతం తల అని అర్థం. చలికాలం సాయంత్రాల్లో ఉత్తర ఆకాశంలో చూడవచ్చు. ప్రతి 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకు దాని వెలుగు దాదాపు మూడో వంతుకు పడిపోయి మళ్లీ పెరుగుతుంది. అది జంట నక్షత్రం. మసక తార ప్రకాశవంతమైన తారకు అడ్డు వచ్చినప్పుడల్లా గ్రహణం పడుతుంది. పక్క చుక్కలతో పోల్చి, గంట గంటకూ నోటుపుస్తకంలో రాసుకుంటే చాలు. ఇలాంటి గ్రహణ జంటల వెలుగునే రంగాపూర్‌లోనూ కొలిచారు.

మనం రోహిణి అనే తారకు లోకమంతటా వాడుకలో ఉన్న పేరు అల్దెబరాన్, అదీ అరబ్బీ మాటే. శ్రవణం పేరు అల్తాయిర్ కూడా అంతే. ప్రతి నెలా నెలవంక కోసం పడమర చూసే ఇళ్లకు ఈ చదువు పరాయిది కాదు.

తల్లిదండ్రులకు ఒక మాట

పీర్జాదిగూడ నుండి ఉప్పల్, హబ్సిగూడ, తార్నాక దాటితే ఉస్మానియానే. ఆన్‌లైన్ అనే ముందు ఒకసారి అక్కడి ఖగోళ విభాగానికి బిడ్డను తీసుకువెళ్లండి. ఆ ఏటి ప్రవేశ ప్రకటన చూడండి. అధ్యాపకులను అడగండి. అక్కడ వీలు కాకపోతేనే, గుర్తింపు చూసుకుని ఇంటి చదువు ఎంచుకోండి. ఫీజు కట్టే ముందు మూడు నెలలు ఉచిత పాఠాలు విననివ్వండి. అభ్యాసాలు సొంతంగా చేస్తున్నదా, కష్టమైన లెక్క దగ్గర నిలబడుతున్నదా చూడండి. నిలబడితే వెనక్కి లాగకండి.

గాజు పలకల మీద చుక్కలు కొలిచిన ఆ ఉద్యోగుల్లో ఎందరి పేర్లో మనకు తెలియవు. వారి కొలతలు మాత్రం నేటికీ పనికొస్తున్నాయి. మన మిద్దె మీద కూర్చున్న బిడ్డ కొలత కూడా రేపు ఎవరికో పనికి రావచ్చు.