పెద్ద టైర్లు వేస్తే మైలేజ్ ఎంత తగ్గుతుంది? మీటర్ చెప్పేదంతా నిజం కాదు

థార్ ఇంటికొచ్చి నెల తిరక్కముందే కుర్రాళ్ల కన్ను టైర్ల మీద పడుతుంది. "అబ్బా, 33 ఇంచుల టైర్లు వేయిద్దాం, బండి లుక్కే మారిపోతుంది" అంటారు. వేయించాక నెలాఖరుకి పెట్రోలు లెక్క చూసి అబ్బా తల పట్టుకుంటారు. "బండి తెగ తాగేస్తోంది" అని ఇంట్లో గొడవ. నిజానికి ఈ నష్టంలో కొంత అసలుది, కొంత మీటర్ లెక్క తప్పడం వల్ల కనిపించేది. రెండూ విడదీసి చూద్దాం.

మీటర్ ఎందుకు తప్పుతుంది?

బండి మీటర్ రోడ్డును కొలవదు. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి, కంపెనీ టైరు సైజును బట్టి కిలోమీటర్లు చూపిస్తుంది. టైరు మార్చిన సంగతి దానికి తెలియదు.

2020లో వచ్చిన థార్ ఏఎక్స్ మోడల్‌కి కంపెనీ ఇచ్చిన సైజు 245/75 ఆర్16. ఇందులో 245 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అంటే ఆ వెడల్పులో సైడ్‌వాల్ ఎత్తు ఎంత శాతమో చెప్పే అంకె. 16 అంటే రిమ్ సైజు, ఇంచుల్లో. లెక్క కడితే టైరు మొత్తం ఎత్తు 774 మిల్లీమీటర్లు. అదే రిమ్‌కి 285/75 వేస్తే 834 మిల్లీమీటర్లు. 33 ఇంచుల టైరు అని పిలిచేది దాదాపు ఇదే. తేడా 7.75 శాతం.

అంటే మీటర్ 100 కిలోమీటర్లు చూపిస్తే బండి దాదాపు 108 నడిచినట్టు. 158 కిలోమీటర్ల హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ఒక చుట్టు తిరిగొస్తే మీటర్‌లో 147 మాత్రమే కనిపిస్తుంది.

అసలు నష్టం ఎంత?

ఒక ఉదాహరణ చూద్దాం. పాత టైర్లతో 40 లీటర్లకు 500 కిలోమీటర్లు వచ్చేదనుకోండి. అంటే లీటరుకు 12.5. పెద్ద టైర్లు వేశాక అదే 40 లీటర్లకు మీటర్ 440 చూపించింది. లీటరుకు 11 అయిపోయింది, ఒకటిన్నర పోయిందని బాధపడతాం. కానీ బండి నిజంగా నడిచింది 474 కిలోమీటర్లు. అసలు మైలేజ్ 11.85. పోయింది 0.65 మాత్రమే.

అలాగని ఇది చిన్న ఖర్చేమీ కాదు. నెలకు 1000 కిలోమీటర్లు తిరిగే ఇంటికి ఈ లెక్కన దాదాపు నాలుగున్నర లీటర్లు అదనం. ప్రతి నెలా.

ఈ అసలు నష్టానికి కారణాలు నాలుగు. పెద్ద టైరు బరువెక్కువ, సిగ్నల్ దగ్గర ఆగి కదిలిన ప్రతిసారీ ఆ బరువును తిప్పాలి. అందుకే సిటీలో దెబ్బ ఎక్కువ. బురద కోసం చేసిన మడ్ టెర్రైన్ టైర్ల పెద్ద గళ్లు తారు రోడ్డు మీద రాపిడి పెంచుతాయి. బండి ఎత్తు, టైరు వెడల్పు పెరిగితే హైవే మీద గాలి అడ్డం పడుతుంది. చక్రం పెద్దదైతే గేర్ల లాగుడు తగ్గి, ఘాట్ ఎక్కేటప్పుడు కింది గేరు వేయాల్సి వస్తుంది.

పెట్రోలు కంటే పెద్ద విషయం

స్పీడోమీటర్ కూడా ఇలాగే వెనకబడుతుంది. ముల్లు ముందు చూపించే స్పీడుకీ అసలు స్పీడుకీ మధ్య దాదాపు 8 శాతం తేడా పెరుగుతుంది. మీరు లిమిట్‌లోనే ఉన్నాననుకుంటారు, కెమెరా చలాన్ పంపుతుంది. బ్రేకులు మాత్రం పాతవే. బరువైన చక్రాన్ని ఆపడానికి అవి ఎక్కువ కష్టపడాలి. వెనక సీట్లో పిల్లలు, అమ్మీ కూర్చుంటారని గుర్తుంచుకోండి.

చట్టం సంగతీ చూడాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా మార్పులు చేయిస్తే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది రావొచ్చు.

మరేం చేయాలి?

బండి ఎక్కువగా సిటీలోనే తిరిగి, ఎప్పుడో ఒకసారి అనంతగిరి కొండల వైపు వెళ్లే ఇంటికి కంపెనీ సైజులోనే ఆల్ టెర్రైన్ టైర్లు చాలు. మట్టి రోడ్డు మీద పట్టు దొరుకుతుంది, మీటర్ తప్పదు. గల్ఫ్‌లో పనిచేసిన మనవాళ్లను అడగండి, ఇసుకలోకి దిగేముందు టైర్లలో గాలి తగ్గిస్తారు. టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుకలో కూరుకుపోదు. తిరిగి రోడ్డెక్కగానే గాలి నింపడం మాత్రం మర్చిపోరు. గాలి తక్కువుంటే టైరు వేడెక్కుతుంది, మైలేజ్ కూడా పడిపోతుంది.

ఇప్పటికే పెద్ద టైర్లు వేయించి ఉంటే ఒక పని చేయండి. హైవే మీద కిలోమీటరు రాళ్లు చూసుకుంటూ సరిగ్గా 20 కిలోమీటర్లు నడపండి. మీటర్ ఎంత చూపించిందో రాసుకుని, 20ని ఆ అంకెతో భాగించండి. వచ్చిన సంఖ్యతో మీటర్ కిలోమీటర్లను గుణిస్తే అసలు దూరం తెలుస్తుంది. ఆ లెక్క చేతిలో పెట్టుకుని ఇంట్లో మాట్లాడుకుంటే గొడవ సగం తగ్గుతుంది.