వార్తల్లో పదం: మల్టీడిసిప్లినరీ కోర్సు

డిగ్రీ విద్యార్థి తన మేజర్‌తో (ప్రధాన సబ్జెక్టుతో) సంబంధం లేని విభాగం నుంచి తప్పక చదవాల్సిన కోర్సు ఇది. జాతీయ విద్యా విధానం-2020 ప్రకారం యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన చట్రంలో మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు కావాలి. అందులో వీటివి 9. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో మూడు సబ్జెక్టుల స్థానంలో సింగిల్ మేజర్ వచ్చింది. ఈ కోర్సులు కూడా గైడు బట్టీపట్టి రాసే పేపర్లే అయితే, పాత మూడు సబ్జెక్టుల డిగ్రీయే నయం.

వేర్వేరు చదువుల్ని కలిపే ఆలోచన బందరుకు (మచిలీపట్నానికి) కొత్తేం కాదు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యల పూనికతో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాలలో చదువూ చేతిపనీ కలిసే నడిచాయి. బెంగాల్ నుంచి వచ్చిన ప్రమోద్‌కుమార్ ఛటర్జీ అక్కడ చిత్రలేఖనం నేర్పారు. ఆయన శిష్యుడు అడివి బాపిరాజు లా చదివారు, నవలలు రాశారు, బొమ్మలు వేశారు, తర్వాత ఆ కళాశాలకే ప్రిన్సిపాల్ అయ్యారు.

ఇలాంటి పాఠానికి సరుకు బందరు పక్కనే ఉంది. పెడన కలంకారీలో ముందు గుడ్డను కరక్కాయ నీళ్లలో తడిపి ఆరబెడతారు. బెల్లంతో పులిసిన ఇనుప నీళ్లు అద్దిన చోట నలుపు తేలుతుంది. పటిక అద్దిన చోటే ఎరుపు నిలుస్తుంది. రసాయనశాస్త్రం, డచ్చివాళ్ల వర్తక చరిత్ర, అచ్చు చెక్కే పనితనం అన్నీ ఆ గుడ్డ మీదే! గుడివాడ బీకాం విద్యార్థికి ఇది పనికిరాదా? దివిసీమకైతే 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఉండనే ఉంది: వాతావరణం, మడ అడవులు, పునరావాసం, పంటల బీమా కలిపి ఒక సెమిస్టరంతా చెప్పొచ్చు.