శిక్షకుని వేతనము - విజయముల లెక్క

కడియము, కడియపులంక ప్రాంతములలో మొక్కలు పెంచువారి కొక సంగతి బాగుగ దెలియును. అంటుగట్టిన చేయి యొకటి, ఫలము గోసిన చేయి మఱియొకటి. ఇచటి తోటలలో మామిడికో, సపోటాకో అంటుగట్టిన పనివానికి ఆనాటి కూలి ఆనాడే ముట్టును. ఆ మొక్క లారీ యెక్కి యే దూరదేశమునకో పోయి, కొన్ని యేండ్లకు కాపునకు వచ్చినప్పుడు ఆ కాపు జూచి సంతసించువాడు తోట యజమానుడేగాని కడియములో కత్తి పట్టినవాడు గాడు. అయినను ఆ కత్తిపని మంచిదో చెడ్డదో తేలునది ఆ కాపునాడే. పని యొకచోట, ఫలిత మొకచోట, నడుమ నేండ్ల కాలము ఉన్నప్పుడు కూలిని ఫలితముతో సరితూచుట యెట్లు? ఈ ప్రశ్ననే నేడు క్రీడా శిక్షకుల వేతనములను గూర్చి పాఠకుల ముందుంచ దలచితిమి.

ఈ లెక్కను మిక్కిలి పెద్ద మొత్తములతో వేసి చూచిన దేశము అమెరికా. అచట కళాశాలల ఫుట్‌బాలు, అనగా బంతిని చేతబట్టి పరుగెత్తు ఆ దేశపు ఆట, గొప్ప వ్యాపారము. ప్రభుత్వ విశ్వవిద్యాలయమున అధ్యక్షునికంటెను ఫుట్‌బాలు శిక్షకునికే హెచ్చు జీత మిచ్చుట అచట సాధారణ విషయము. అలబామా విశ్వవిద్యాలయమున నిక్ సేబను 2009 మొదలు 2020 వఱకు ఆఱుమాఱులు జాతీయ విజేతలను తీర్చిదిద్దెను. కడపటి యేండ్లలో అతని సాంవత్సరిక వేతనము 1 కోటి 10 లక్షల డాలర్లను మించెను. ఇచట జీతమును ఫలితమును ఒకదాని కొకటి తగియున్నవని వాదింపవచ్చును. కాని ఆ విజయమును జూచి తక్కిన విశ్వవిద్యాలయములు చేసిన పనియే చింతింప దగినది.

మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయము 2021 లో తన జట్టు చక్కగా ఆడుటజూచి, శిక్షకునితో పదేండ్లకు 9 కోట్ల 50 లక్షల డాలర్ల ఒప్పందము చేసికొనెను. మఱుసటి యేట ఆ జట్టు 12 ఆటలలో 5 మాత్రమే గెలిచెను. టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయపు కథ యింతకంటె విపరీతము. తన శిక్షకుడగు జింబో ఫిషరుతో 2021 లో ఒప్పందమును పొడిగించి, 2023 నవంబరులో అతనిని తొలగించెను. ఒప్పందము ప్రకారము అతనికి చెల్లింపవలసి వచ్చినది 7 కోట్ల 60 లక్షల డాలర్లకు పైమాట. నాటి మారకము చొప్పున మన సొమ్ములో 600 కోట్ల రూపాయలకు మించినది. ఇది పన్నుల సొమ్ము గాదనియు, క్రీడాశాఖ రాబడినుండియు దాతల సంస్థనుండియు చెల్లింతుమనియు అధికారులు చెప్పిరి. ఎవరి సొమ్మైనను, పనిచేయుటకు గాక పనిచేయకుండుటకు ఇంత మొత్త మిచ్చుట విద్యాలయమునకు తగునా?

ఈ వింతకు మూలము స్పష్టము. గెలిచిన యేట, శిక్షకుని మఱియొక విద్యాలయ మెత్తుకొనిపోవునను భయమున దీర్ఘకాలపు ఒప్పందము వ్రాయుదురు. ఓడిన యేట, పూర్వవిద్యార్థుల కోపమునకు వెఱచి దానిని త్రెంచుదురు. ఒక యేటి గెలుపు పదేండ్ల జీతమునకు ఆధారమగుచున్నది. ఒక యేటి ఓటమి పదేండ్ల పనికి తీర్పగుచున్నది. నడుమ ఆడిన పిల్లల మాట యేమి? వారి పేరుప్రతిష్ఠలపై సంపాదించుకొను హక్కు వారికి 2021 లో గాని దొరకలేదు. విద్యాలయములు నేరుగా వారికి సొమ్మిచ్చుటకు 2025 లో గాని అనుమతి రాలేదు. అంతదనుక ఆటలవలన వచ్చిన రాబడిలో సింహభాగము శిక్షకుల జీతములకును క్రీడామందిరములకును పోయెను. కనుక, పెద్ద జీతము లిచ్చిన మంచి ఫలితములు వచ్చుననువారికి అమెరికా తిరుగులేని సాక్ష్యము గాదు.

అమెరికా గొడవ మనకేల యని కొంద ఱనవచ్చును. కాని ఆ వ్యాధి చిన్న రూపమున మన దేశమునకును వచ్చినది. భారత ఫుట్‌బాలు జట్టునకు 2019 లో క్రొయేషియా దేశస్థుడగు ఇగోర్ స్టిమాచ్ శిక్షకుడుగ నియమింపబడెను. ఆయన కాలమున 2021 లోను 2023 లోను దక్షిణాసియా పోటీలలో మన జట్టు గెలిచిన మాట నిజము. ఆ సంతోషమున 2023 అక్టోబరులో సమాఖ్యవారు ఒప్పందమును 2026 వఱకు పొడిగించిరి. 2024 జనవరిలో ఆసియా కప్పునందు మన జట్టు మూడాటలును ఓడి, ఒక్క గోలైనను చేయలేకపోయెను. జూనులో కతారు చేతిలో నోడి ప్రపంచకప్పు అర్హతపోటీలనుండి వెడలెను. పిమ్మట శిక్షకుని తొలగించిరి. ఆయన నష్టపరిహారము కోరగా, తుదకు 4 లక్షల డాలర్లకు రాజీ కుదిరెను. ఈ విషయమున తప్పు శిక్షకునిదని మే మనము. ఒప్పందము వ్రాసినవారు, పని నడుమ ముగిసినచో ఏమి చెల్లింపవలెనో ముందే ఆలోచించి వ్రాయవలసినది. పేద క్రీడాకారులకు రైలుఖర్చులు దొరకని దేశమున ఇట్టి అజాగ్రత్త క్షమింపరానిది.

ఈ సందర్భమున హైదరాబాదులో జీవించిన సయ్యద్ అబ్దుల్ రహీముగారిని స్మరింపకుండ నుండలేము. ఆయన వృత్తిచే బడిపంతులు. 1943 మొదలు 1963 లో మరణించువఱకు హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శిగ నుండి, నగర పోలీసుజట్టును తీర్చిదిద్దెను. ఆ జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగ అయిదేండ్లు రోవర్సు కప్పు గెలిచెను. ఆయన శిక్షణలో భారతజట్టు 1951 లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణపతకము నొందెను. కాని 1952 లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలందు యుగోస్లావియా చేతిలో 10 గోళ్లకు 1 గోలు తేడాతో ఘోరముగ నోడెను.

పాఠకు లిచట నొక్కక్షణ మాగి యోచింతురు గాక. నేటి అమెరికా పద్ధతియే నాడుండిన, 1952 లో రహీముగారి కథ ముగిసియుండెడిది. ఆయన యుండుటచేతనే ఆ జట్టు పాఠము నేర్చికొని, 1956 లో మెల్‌బోర్ను ఒలింపిక్ క్రీడలందు నాల్గవ స్థానమున నిలిచెను. 1962 లో జకార్తాలో దక్షిణకొరియాను 2-1 తో నోడించి మరల స్వర్ణము దెచ్చెను. అప్పటికే ఆయనను క్యాన్సరు వ్యాధి దినుచుండెను. తరువాతి యేడు జూనులో ఆయన కన్నుమూసెను. అటుపై నేటివఱకును మన ఫుట్‌బాలునకు ఆసియా క్రీడల స్వర్ణము దక్కలేదు. ఒక ఓటమిని సహించుటవలన వచ్చిన లాభమునకు ఇంతకంటె నిదర్శనము వేఱొకటి కావలెనా?

అయితే రహీముగారి చరిత్రనుండి తప్పు పాఠము నేర్చికొనరాదు. చిన్న జీతముతో గొప్ప పని చేసినారుగదా, శిక్షకులకు త్యాగమే భూషణము, ధనమేల యని పలుకు పెద్దలు మనలో కొఱతపడలేదు. ఇది అన్యాయమైన వాదము. పుల్లెల గోపీచందుగారు 2001 లో ఆల్ ఇంగ్లండు విజేతగ, అనగా ఇంగ్లాండునందలి ఆ మహా బాడ్మింటను పోటీలో జయశీలుడుగ ప్రసిద్ధి కెక్కిన పిమ్మట హైదరాబాదులో శిక్షణాలయము కట్టబూని, ధనము చాలక తన యిల్లు తాకట్టు పెట్టవలసి వచ్చెను. దాత లాదుకొనగా 2008 లో ఆ శిక్షణాలయము తెఱవబడెను. అచటినుండియే సైనా నెహ్వాలు 2012 లో కాంస్యమును, పి.వి. సింధు 2016 లో రజతమును ఒలింపిక్ క్రీడలనుండి దెచ్చిరి. ఆ పతకములను జూచి మనము గర్వించితిమి, సరియే. ఆ తాకట్టును జూచి సిగ్గుపడితిమా? ఇల్లు తాకట్టు పెట్టగలవాడు మాత్రమే గురువు కాగలడను నియమము దేశమునకు క్షేమకరము గాదు.

ఇక మన గోదావరి సీమనుండియే యొక దృష్టాంతము. కడియమునకు దాపున గౌతమి దాటిన కోనసీమలో అమలాపురమువాడు సాత్విక్ సాయిరాజు రంకిరెడ్డి. ఈతని తండ్రి వ్యాయామోపాధ్యాయుడు. బిడ్డకు రాకెట్టు పట్టుట ఇంటనే అలవడెను. 2014 లో గోపీచందుగారి శిక్షణాలయము చేరెను. మలేషియావాడగు టాన్ కిమ్ హెర్ అను శిక్షకుడు ఇతనిని చిరాగ్ శెట్టితో జతగూర్చెను. డెన్మార్కు వీరుడగు మథియాస్ బో ఆ జంటకు మెఱుగు పెట్టెను. 2022 లో థామస్ కప్పు గెలిచిన భారతజట్టులో వీరుండిరి. 2023 అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడలందు స్వర్ణము గెలిచి, ఆ నెలలోనే ప్రపంచమున ప్రథమస్థాన మలంకరించిరి. ఈ ఫలిత మెవరిది? అమలాపురపు డ్రిల్లు మాస్టారిదా, హైదరాబాదు ఆచార్యునిదా, మలేషియా గురువుదా, డేనుజాతి గురువుదా? అందఱిది ననుటయే న్యాయము. కాని వేతనపు లెక్కలో విదేశీయునికి నెలకు లక్షలు, మొదటిమెట్టు ఉపాధ్యాయునకు సామాన్యపు బడిజీతము. ఈ తారతమ్యము నందే అసలు కీలకమున్నది.

మన ప్రభుత్వ మిచ్చుచున్న దేమో చూతము. దేశమున అగ్రశ్రేణి క్రీడాకారులకు నేర్పు భారతీయ శిక్షకుల వేతనము నెలకు 2 లక్షలు మించరాదను కట్టుబాటును కేంద్రప్రభుత్వము 2020 లో తొలగించెను. విదేశీయునికి లేని కట్టడి స్వదేశీయునికేల యని చిరకాలముగ విలపించినవారికి అది తృప్తి గలిగించినది, మేమును హర్షించుచున్నాము. కళాశాలల వ్యాయామవిద్యా సంచాలకులకు సహాయాచార్యులతో సమానముగ 57,700 రూపాయల ఆరంభపు మూలవేతనము విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘపు నిబంధనలలో కలదు. ఇదియు తగియున్నది. కాని ఆ పదవిని నింపక ఖాళీగ నుంచిన కళాశాలయందును, స్వల్పపు ఏకమొత్తమిచ్చి యేటేట మనిషిని మార్చు కళాశాలయందును ఆ యంకె కాగితముపై నుండునదే. ఇక జిల్లాలలోని ఖేలో ఇండియా కేంద్రమునకు సాంవత్సరిక సహాయము 5 లక్షల రూపాయలు. శిక్షకుని జీతము, పరికరములు, దుస్తులు, పోటీల ఖర్చు అన్నియు అందులోనే. శిఖరమున కట్టడి తొలగెను. మొదట మాత్రము కొఱత తొలగలేదు.

అట్లని మొదటిమెట్టు శిక్షకునకు గూడ పతకముల లెక్కనే జీత మిండని మేము కోరము. అది మఱింత అనర్థము. పతకమున కింత యని వెలగట్టిన నాడు, వయస్సు తగ్గించి పిల్లలను చిన్నవారి పోటీలకు దింపుట, ఒకరు తీర్చిన ఆటగానిని మఱియొకరు ఆశజూపి లాగికొనుట, ఎదుగని శరీరములకు మందులు మప్పుట, ఇవన్నియు ప్రబలును. వీనిలో కొన్నిటి రుచి మన క్రీడాసంఘములు ఇదివఱకే చూచియున్నవి. కడియమువంటి గ్రామమునుండి కళాశాలకు వచ్చు వందమంది బిడ్డలలో దేశమున కాడువా డొక్కడైన నుండకపోవచ్చును. కాని ఆ వందమందియు సాయంకాలము మైదానమున చెమటోడ్చి, ఓడుట గెలుచుట నేర్చి, ఆరోగ్యవంతులైనచో అది ఫలితము గాదా?

కనుక మా యభిప్రాయము లివి. మొదటిది, పాఠశాలలందును కళాశాలలందును వ్యాయామోపాధ్యాయుల పదవులను శాశ్వతముగ నింపి, నిబంధనల ప్రకారము జీతము లీయవలెను. రెండవది, శిక్షకుని పని నొక యేటి గెలుపోటములను బట్టిగాక నాలుగైదేండ్ల పనిని బట్టి పరీక్షింపవలెను. అందులో పతకములతోబాటు ఎందఱు పిల్లలు మైదానమునకు వచ్చిరో, ఎందఱు నిలిచిరో, ఎందఱు పైమెట్టునకు పోయిరో లెక్కింపవలెను. మూడవది, క్రీడాకారుడు మొదటిసారి పోటీకి పేరు వ్రాయించుకొనునాడే అతని తొలి గురువు పేరును వ్రాసియుంచవలెను. పిదప పతకమునకు వచ్చు బహుమానమున ఆ గురువునకు న్యాయమైన పాలు తానుగా చేరవలెను. నాల్గవది, ప్రజాధనము తాకిన ప్రతి శిక్షకుని ఒప్పందమును, తొలగించినచో చెల్లింపవలసిన మొత్తముతో సహా, ప్రజల యెదుట ప్రకటింపవలెను.

శిక్షకులకు మన దేశ మిచ్చు గౌరవమునకు 1985 నుండి ద్రోణాచార్యుని పేరున్నది. ఆ పేరు వినినప్పుడెల్ల, విద్య చెప్పని గురువు బొటనవ్రేలు దక్షిణగొన్న కథ మనకు జ్ఞప్తికి వచ్చును. నేడు జరుగుచున్నది దానికి తారుమారు: విద్య చెప్పిన గురువే దక్షిణకు దూరమగుచున్నాడు. రాష్ట్రప్రభుత్వమును, రాజమహేంద్రవరమునందలి విశ్వవిద్యాలయమును, మండలములోని కళాశాలల పాలకవర్గములును ఈ విషయమున వెంటనే కదలవలెను. రానున్న విద్యాసంవత్సరమునకు ముందే తమ తమ సంస్థలలో వ్యాయామోపాధ్యాయుల పదవు లెన్ని, నిండిన వెన్ని, వారికి చెల్లు జీత మెంత యను పట్టికను ప్రకటించుటతో ఆరంభింపవచ్చును. ఆ పట్టిక వెలువడువఱకు తల్లిదండ్రులు తమ బిడ్డల విద్యాలయములను అడుగుచునే యుండవలెనని మా మనవి.