ఎవరి మనోభావాలు?

పలాస జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పిక్కలు కొట్టేవాళ్లను, ఉద్దానం కొబ్బరితోటల్లో కూలికెళ్లేవాళ్లను కులం పేరుతో తిడితే ‘పోనీలే, మాటే కదా’ అని సర్దిచెప్పే పెద్దలు చాలామంది. అదే మనలో ఒకడు దేవుడి గురించి ప్రశ్న వేస్తే అది మాటగా మిగలదు, నేరమైపోతుంది. ‘అయితే నోరు మూసుకుని ఉండాలేటి?’ అని అడిగే టెక్కలి కుర్రాడికి చట్టం ఏం చెబుతుందో ఇక్కడ చూద్దాం.

రాజ్యాంగం 19(1)(ఎ) భావప్రకటన స్వేచ్ఛ ఇచ్చింది. 19(2) హద్దులు గీసింది. ఆ హద్దుల్లో శాంతిభద్రతలున్నాయి, సభ్యత ఉంది, పరువునష్టం ఉంది. ‘మనోభావాలు’ అన్న మాట మాత్రం లేదు. అది పీనల్ కోడ్ 295-ఎ సెక్షన్‌లో ఉంది. లాహోర్‌లో మహమ్మద్ ప్రవక్త మీద అచ్చయిన ఒక పుస్తకం రేపిన గొడవ తర్వాత 1927లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన సెక్షన్ ఇది. అదే ఏడాది డిసెంబరు 25న మహద్‌లో అంబేడ్కర్ నాయకత్వంలో మనుస్మృతిని తగలబెట్టారు. మతాన్ని కాపాడే సెక్షనూ, మతం పేరుతో సాగిన అవమానం మీద తిరుగుబాటూ ఒకే ఏడు పుట్టాయన్నమాట.

1957లో రాంజీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు 295-ఎ చెల్లుతుందంది. కానీ అవమానం కావాలని, దురుద్దేశంతో చేసినదై ఉండాలంది. తెలియక, ఏమరుపాటున అన్న మాట దీని కిందికి రాదు. 2024 జులై 1 నుంచి ఇదే భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షన్. మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ప్రభుత్వ అనుమతి లేనిదే కోర్టు కేసును విచారణకు తీసుకోకూడదు. అరెస్టు చెయ్యడానికి మాత్రం ఆ అనుమతి అక్కర్లేదు. చాలామందికి అసలు శిక్ష అక్కడే పడుతుంది.

ఒక్కోసారి కోర్టు దాకా కూడా పోదు. 2018 జులైలో రాముడి మీద చేసిన వ్యాఖ్యలకు దళిత సినీ విమర్శకుడు కత్తి మహేష్‌ను పోలీసులు ఆరు నెలలపాటు హైదరాబాదు నుంచి బహిష్కరించారు. ఏ కోర్టూ ఆయన్ని దోషి అనలేదు, పోలీసు ఉత్తర్వే చాలింది. అదే వారంలో ఆయన్ని వ్యతిరేకించిన పరిపూర్ణానంద స్వామినీ పంపించేశారు. ఇద్దరి విషయంలోనూ అది తప్పే. వెలి అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఇక మన అవమానం సంగతి. 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణ 2016లో అమల్లోకొచ్చి, కులం పేరుతో తిట్టడాన్ని విడిగా నేరం చేసింది. అయితే ఆ తిట్టు పదిమంది కంట పడే చోట జరగాలి. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లు లేనప్పుడు తిడితే వర్తించదని 2020లో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గోదాము తలుపు వేసి తిట్టిన తిట్టుకు లెక్కే లేదు. క్రైస్తవం పుచ్చుకున్నవాళ్లకు ఈ చట్టం రక్షణ లేదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పిచ్చింది. టెక్కలి కెనడా బాప్టిస్టు మిషన్ పనిచేసిన చోటు. చర్చికెళ్లినంత మాత్రాన దళితుణ్ని ఊరు మరో పేరుతో పిలుస్తుందా?

దేవుడి తరఫున నొచ్చుకునేవాడి మనసుకు గోడల అడ్డం లేదు. మనిషిగా నొచ్చుకున్నవాడు మాత్రం సాక్షిని చూపాలి, కులం చూపాలి, మతం చూపాలి. మా అభ్యంతరం ఈ రెండు తూకాల మీద.

మరి హద్దే వద్దా? కావాలి. నమ్మకాన్ని నిలదియ్యడం వేరు, నమ్మిన మనిషిని కించపరచడం వేరు. జాలర్ల గంగమ్మనో, తురకల నమాజునో వెక్కిరిస్తే అది విమర్శ కాదు. అంటరానితనానికి ఆధారం చూపిన శాస్త్రాన్ని ప్రశ్నించడం విమర్శే, అది మన హక్కు.

అందుకని మాట్లాడేవాళ్లు ఏం అన్నారో, ఎందుకన్నారో రాసిపెట్టుకోవాలి. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో అరెస్టు అవసరమేమిటో పోలీసులు కారణం చూపాలని, అవసరం లేకపోతే ముందు నోటీసు ఇవ్వాలని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. స్టేషను మెట్లెక్కే ముందు ఆ సంగతి గుర్తుంచుకుని, తోడు ఒక వకీలును తీసుకెళ్లండి.