పాడైన కంప్యూటర్ తన టెస్ట్ తనే ఎలా రాస్తుంది?

శాంసంగ్ ఫోన్ డయలర్‌లో స్టార్ హ్యాష్ జీరో స్టార్ హ్యాష్ ఎప్పుడైనా కొట్టారా? చాలా మోడల్స్‌లో టెస్ట్ మెనూ ఓపెన్ అవుతుంది. టచ్, స్పీకర్, సెన్సర్ అన్నీ చెక్ చేసుకోవచ్చు. కానీ ఆ టెస్ట్ నడిపేది ఆ ఫోన్‌లోని ప్రాసెసరే కదా. ప్రాసెసరే తేడాగా ఉంటే? దొంగనే సాక్ష్యం అడిగినట్టు ఉంటుంది.

ఈ చిక్కుని పీడీపీ-8 ఎలా దాటిందో చూద్దాం. 1965లో డెక్ కంపెనీ తెచ్చిన మినీకంప్యూటర్ ఇది. 12 బిట్లు, 4096 వర్డ్స్ మెమరీ, రేటు 18,000 డాలర్లు. దీనికి కంపెనీ ఇచ్చిన టెస్ట్ ప్రోగ్రామ్స్‌ని మెయిన్‌డెక్ అంటారు. పాత మెషీన్లు బాగుచేసేవాళ్ళు ఇప్పటికీ ఇవే వాడతారు.

ముందు పవర్ సప్లై. బోర్డులు తీసేసి మల్టీమీటర్‌తో వోల్టేజ్ చూడాలి. పాత కెపాసిటర్లని నమ్మి డైరెక్ట్‌గా ప్లగ్ పెట్టారో, బోర్డులే కాలిపోవచ్చు. ఇక్కడ ఏ సాఫ్ట్‌వేరూ కాపాడదు.

తర్వాత ముందు ప్యానెల్. 12 స్విచ్‌లతో ఒక నంబర్ పెట్టి మెమరీలోకి పంపాలి, మళ్ళీ చదివి లైట్లు చూడాలి. అదే నంబర్ వచ్చిందా? అయితే రిమ్ లోడర్ ఎక్కించవచ్చు. పదహారే ఇన్‌స్ట్రక్షన్లు, అన్నీ చేత్తోనే. మొదటిది ఆక్టల్‌లో 6032, అంటే స్విచ్‌లపై 110 000 011 010. ఈ చిన్న లోడర్ పేపర్ టేప్ నుంచి పెద్ద లోడర్‌ని, అది టెస్ట్‌ని తెస్తాయి. టేప్ చదివేది టెలిటైప్ అయితే సెకనుకి 10 క్యారెక్టర్లే, టీ తాగి రావచ్చు. అసలు లోడర్ నడిచిందంటేనే స్విచ్‌లు, కొంత మెమరీ, కొన్ని ఇన్‌స్ట్రక్షన్లు పాసైనట్టే.

ఇక అసలు తెలివి ఇన్‌స్ట్రక్షన్ టెస్ట్‌లో ఉంది. అది ఏదీ నమ్మదు. 7200 అంటే అక్యుములేటర్‌ని సున్నా చెయ్యి. 7440 అంటే సున్నా అయితే తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ దాటెయ్యి. ఆ తర్వాత 7402, అంటే ఆగిపో. అంతా బాగుంటే ఆ ‘ఆగిపో’ని దూకేస్తుంది, లేకపోతే మెషీన్ అక్కడే ఆగుతుంది. మరి ఎప్పుడూ దూకేసే ఫాల్ట్ ఉంటే? అందుకే దూకకూడని కేస్ కూడా విడిగా పెట్టాలి. ఇలా నిలబడ్డ మెట్టు మీదే తర్వాతి మెట్టు.

ఆగినప్పుడు స్క్రీన్ మీద ఎర్రర్ మెసేజ్ ఏమీ రాదు, అసలు స్క్రీనే లేదు. ప్యానెల్ లైట్లలో అడ్రస్ కనిపిస్తుంది. దాన్ని ప్రింటెడ్ లిస్టింగ్‌లో వెతికితేనే ఏ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర పోయిందో తెలుస్తుంది. నన్నడిగితే ప్రోగ్రామ్ కన్నా ఆ లిస్టింగే విలువైనది. అది లేకపోతే ఆ అడ్రస్ ఉత్త నంబరే. బిట్‌సేవర్స్ వాళ్ళు డెక్ మాన్యువల్స్, లిస్టింగ్స్ స్కాన్ చేసి పెట్టకపోతే చాలా మెషీన్లు షోకేస్ బొమ్మలే అయ్యేవి.

పాస్ అయిందని సంబరపడకండి. కోర్ మెమరీలో చదివితే డేటా చెరిగిపోతుంది, వెంటనే తిరిగి రాయాలి. పక్క కోర్ల నుంచి నాయిస్ కూడా వస్తుంది. ఆ నాయిస్ బాగా పెరిగేలా ఒకట్లు, సున్నాలు పేర్చి పరీక్షించేదే చెకర్‌బోర్డ్ టెస్ట్. కొన్ని ఫాల్ట్‌లు మెషీన్ వేడెక్కాకే బయటపడతాయి కాబట్టి గంటల తరబడి నడపాలి.

మెషీన్ దొరకదు కదా అంటారా? ల్యాప్‌టాప్‌లో సిమ్‌హెచ్ ఎమ్యులేటర్ వేసి పీడీపీ-8 ఎంచుకోండి. పైన చెప్పిన మూడు నంబర్లు వరుసగా మెమరీలో పెట్టి, నాలుగో చోట కూడా 7402 పెట్టి రన్ చేయండి. ఏ అడ్రస్‌లో ఆగిందో కామెంట్‌లో పెట్టండి.