బరిణె వెల

హైదరాబాదు శిల్పారామములో ఒక సాయంకాలము, ఏటికొప్పాక నుండి వచ్చిన పనివాని స్టాలు ముందు నిలిచి, ఒక ఇల్లాలు కుంకుమ బరిణె నొకదానిని అటునిటు త్రిప్పి చూచి, "ఇది చేయడానికి ఎంతసేపు పట్టింది బాబూ?" అని అడిగినది. "గంటవుద్దమ్మా" అని అతడు ఉన్నమాటే చెప్పెను. "గంట పనికి మూడు వందలా!" అని ఆమె బరిణెను ఎక్కడిదక్కడ పెట్టి సాగిపోయినది. ప్రక్కనే నిలిచిన నాకు ఆమె తప్పేమియు తోచలేదు. అతడు చెప్పినదియు అబద్ధము కాదు. లెక్కలో జారిపోయిన దేదో ఆ గంటకు బయట నున్నది.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున నున్న ఆ గ్రామమున బొమ్మలకును బరిణెలకును వాడునది అంకుడు కర్ర. తెల్లనిది, మెత్తనిది, ఉలికి లొంగునది. అయితే పచ్చికర్రను తరిమెన పట్టరాదు. ఏ కర్రయైనను ఆరునప్పుడు వలయముల వెంబడి ఎక్కువగాను, నడుమనుండి బెరడు వైపునకు తక్కువగాను కుంచించుకొనును గనుక, నేడు గుండ్రముగా తీసిన మూత కొన్నాళ్లకు కోలగా మారి, బరిణె నోట ఒక ప్రక్క బిగిసి మరియొక ప్రక్క వదులగును. అందుచేత కర్ర నీడలో ఆరునంతకాలము పనివాని పెట్టుబడి మూలబడియుండవలసినదే. ఆరిన పిమ్మటను మూత కుదుర్చుట సూక్ష్మమైన పని: మూతలోని గాడిని ఉలి మొనతో గోకి, యంత్రము నాపి, పెట్టి చూచి, మరల గోకి, చివరకు రెండు వ్రేళ్లతో లాగినప్పుడు చిన్న చప్పుడుతో ఊడివచ్చు నంతవరకు ఓపిక పట్టవలెను. వెండ్రుకవాసి ఎక్కువ గోకినచో మూత జారును. ఆ బరిణె యిక తట్టలోనికి రాదు.

అటుపై రంగు. తిరుగుచున్న కర్రకు రంగులక్కను ఒత్తిపట్టగా, రాపిడి వేడికి లక్క కరగి అంటుకొనును. దానిని మొగలి ఆకుతో అద్ది నునుపు చేయుదురు. పసుపు, నీలిమందు, జాఫరా గింజలు మొదలగు వృక్షసంబంధమైన రంగులను ఈ పనిలో పునరుద్ధరించిన సి.వి.రాజుగారికి 2023లో పద్మశ్రీ లభించినది. ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు 2017లోనే వచ్చినది. గుర్తింపులు వచ్చినవి గాని, స్టాలు ముందు నిలిచిన వానికి చెట్టు రంగునకును డబ్బా రంగునకును భేదము కంటికి తెలియదు. పనివాడు నోరు విప్పి చెప్పకున్నచో ఆ శ్రమకు వెల రాదు. మనవారిలో పెక్కురు చెప్పరు, మొగమాటము!

ఇక వెల యెట్లు కట్టవలెను? ఇది నేను ఊహించి వేసిన లెక్క. అంకెలు మారవచ్చును గాని త్రోవ మారదు. రోజుకు 840 రూపాయలు గిట్టవలెనని తలచిన పనివాడు ఎనిమిది బరిణెలు తీయుననుకొందము. ఒకటి చీలియో, మూత కుదరకయో పోవును. ఆ రోజు కూలి మిగిలిన ఏడే మోయవలెను గనుక ఒక్కొక్కదానిపై 120 పడును. బరిణెకు 28 చొప్పున ఎనిమిదింటి కర్రకును లక్కకును అగు 224ను ఏడింటికి పంచగా 32. కరెంటు, ఉలులు, యంత్రపు అరుగుదల 18. ఇంటివద్దనే 170 అయినది. పది రోజుల ప్రదర్శనకు స్టాలు అద్దె, రైలు, బస, భోజనము కలిసి 20,000 అయి, 400 బరిణెలు అమ్ముడుపోయినచో తలకు 50. ఇంతవరకు అందరును వేయుదురు. మరచునది తరువాతిది: ఆ పది రోజులు అతడు ఉలి పట్టలేదు. పోయిన కూలి 8,400, బరిణెకు 21. వెరసి 241. 300లో మిగిలిన 59 నుండియే అమ్ముడుపోని సరకు, కర్ర ఆరని ముసురు దినములు, కొనువారి బేరము అన్నియు గడచిపోవలెను.

పరిమాణమును బట్టి వెల తగ్గించుట మరియొక భ్రాంతి. పొడవు వెడల్పులు సగమైన బరిణెకు కర్ర ఎనిమిదవ వంతు చాలును. మూత కుదుర్చు పని మాత్రము తగ్గదు సరికదా, వ్రేళ్లకు అందక పెరిగినను పెరుగును. చవుకగా ఇయ్యదలచిన వారికి బొంగరములున్నవి. వానికి మూతలు లేవు. పిల్లవానికి బొంగరము కొన్న తల్లి బరిణె వైపు చూడకపోదు.

కడపటి రాత్రి స్టాళ్లు సర్దుచుండగా ఒక దుకాణదారుడు వచ్చి, "మిగిలినవన్నీ నాకే ఇచ్చెయ్, నూట యాభై చొప్పున" అనెను. అరవై దాకా ఉన్నవి. మోసుకొని పోవుటయు ఖర్చే. ప్రదర్శన ఖర్చు అప్పటికే అయిపోయినది గనుక దానిని వీనిపై వేయనక్కరలేదు. కాని 170కి దిగువ ఎంత తగ్గినను అది పనివాని కూలిలోనిదే. అతడు ఒక బరిణె మూత తీసి, పెట్టి, మరల తీసి ఆ చప్పుడు వినిపించెను.

"నూట ఎనభై అయితే తీసుకెళ్లండి" అని, గడ్డి పరచిన అట్టపెట్టెలో ఒక్కొక్కటే పేర్చసాగెను.