ఆపరేషన్ తరువాతే అసలు పని

సెరిబ్రల్ పాల్సీ అంటే పుట్టుకకు ముందో, పుట్టేటప్పుడో, ఆ తరువాత కొద్దికాలానికో బిడ్డ మెదడుకు జరిగిన నష్టం. ఇది గ్రహణం వల్ల రాదు. దేవుని శిక్షా కాదు. మెదడులోని నష్టాన్ని ఆపరేషన్ పోగొట్టలేదు. బిగుసుకున్న కండరం ఎముకతో సమానంగా ఎదగదు గనుక మడమ పైకి లేస్తుంది, బిడ్డ మునివేళ్లపై నడుస్తుంది. మనం 'నరం' అనే మడమ వెనుక పట్టీని డాక్టరుగారు పొడిగిస్తారు. అంతే.

సుమారు 6 వారాలకు సిమెంటు కట్టు విప్పాక కాళ్లు మునుపటికన్నా నీరసంగా కనిపిస్తాయి. ఇక్కడే చాలామంది భయపడి వ్యాయామం మానేస్తారు. మానితే పట్టీ మళ్లీ బిగుస్తుంది. నవాబుపేట నుంచి రోజూ బస్సెక్కి రాలేరు, నిజమే. అందుకే తల్లీ, నాయనమ్మా ఇద్దరూ వ్యాయామాలు నేర్చుకొని వెళ్లండి. వికలాంగ ధ్రువపత్రం ఉంటే 'నిరామయ' బీమాలో చేర్పించండి, ఏడాదికి రూ. 1 లక్ష వరకు వచ్చే ఆ సాయంలో ఫిజియోథెరపీ ఖర్చు కూడా ఉంది.